నట్టేట్లో నిప్పుల కుండ

రాయమల్లు కథలు బ్రహ్మాండంగా చెబుతాడని గోదావరిఖనిలో సగం మందికి తెలుసు. తెలియనిదల్లా ఆయన భార్య అనసూర్యకే. మొగుడు కథలు చెబుతాడన్న మాట ఆమె చెవిన పడింది గానీ, ఆ కథల్లో ఒక్కటి కూడా చెవిన పడలేదు. నల్లా దగ్గర బిందె వంతు కోసం నిలబడితే చాలు, పక్క క్వార్టర్ల ఆడవాళ్లు మొదలుపెట్టేవారు. మీ ఆయన నిన్న పులిని తాటిచెట్టు ఎక్కించి, అది దిగకముందే డ్యూటీ దిగి వచ్చాడట, మా ఆయన కంచం ముందు కూర్చొని ఆ పులి గురించే ఫికర్ చేస్తున్నాడు అని. అనసూర్య పైకి నవ్వేది. లోపల ఒళ్లు మండేది. ఊరందరికీ విందు పెట్టి ఇంటిదాన్ని పస్తుంచే మొగుణ్ణి ఏమనాలి?

రాయమల్లు ఫిల్లరు. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పేల్చిన బొగ్గును చెమ్మసుతో, అంటే పెద్ద పారతో, తట్టకెత్తి పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపడం ఆయన పని. నిండిన టబ్బులు పోయి ఖాళీ టబ్బులు వచ్చేదాకా గ్యాంగు మొత్తం గోడకు ఆనుకొని కూర్చోవాలి. కథలు ఆ ఖాళీలో పుట్టేవి. ముందే అల్లుకొని పోయేవాడు కాదు, చెప్పుకుంటూ పోతే అవే వచ్చేవి. ఆయన చెప్పాలి, జోడీ అస్గర్ ‘ఊఁ’ కొట్టాలి. ఊఁ కొట్టేవాడు లేనిదే కథ నడవదని చిన్నపిల్లలకు కూడా తెలుసు కదా.

ఆ కథలు ఇంటికి రాకపోవడానికి కారణాలు ఉన్నాయి. పగలు కథ చెబితే బాటన పోయేవాళ్లు దారి తప్పుతారని పెద్దల మాట. బాయిలో పగలన్నదే లేదు కాబట్టి అక్కడ ఏ షిఫ్టులో చెప్పినా ఏ బాటసారికీ ముప్పు లేదు. ఇంట్లో అలా కుదరదు, ఇక రాత్రయితే ఆయనకు తల దిండుకు తగలగానే గుర్రు. అంతకంటే పెద్ద అడ్డు అత్త పోశవ్వ. బొగ్గు బట్టలూ బాయి ముచ్చటా గడప బయటే విడవాలన్నది ఆమె శాసనం. ఆమె భర్త కూడా ఫిల్లరే. బాయి మాట ఇంట్లోకి వస్తే దాని వెనకే బాయి కూడా వస్తుందని భయపడుతూ ఆమె సంసారం చేసింది. కాలనీలో అలా భయపడని ఆడమనిషి ఎవరని? కాబట్టి ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మొగుడు రోజంతా ఎక్కడ ఉండి వస్తాడో తెలియకుండానే వాళ్లకు పిల్లలు పుడతారు, పెరుగుతారు.

ఆ ఏడు వానాకాలంలో బాయిలో పైకప్పు బండ కూలింది. రాయమల్లు ఇవతల, అస్గర్ అవతల, మధ్యలో రాళ్లగుట్ట. అస్గర్ కాలు రాళ్ల కింద ఇరుక్కుంది. రాయమల్లు టోపీ మీది దీపం పగిలి ఆరిపోయింది. మనుషులు వచ్చి, తవ్వి, ఇద్దరినీ ప్రాణాలతో పైకి తెచ్చారు. అస్గర్‌ను పెద్ద దవాఖానలో పడుకోబెట్టి కాలికి ఇనుప కడ్డీ వేసి పిండికట్టు కట్టారు. రాయమల్లు ఒంటి మీద గీత కూడా పడలేదు. పోశవ్వ పోచమ్మకు కోడిని కోసి మొక్కు తీర్చుకుంది. అదృష్టమంటే మీదే అని కాలనీ అంతా వచ్చి చెప్పి పోయింది.

ఆ అదృష్టవంతుడు ఇంటికి వచ్చాక మాట్లాడడం మానేశాడు. అన్నం అంటే తల ఊపేవాడు, నీళ్లు అంటే చెయ్యి చాపేవాడు. అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా గదిలో బల్బు వెలుగుతూనే ఉండాలి. కరెంటు పోతే లేచి వాకిట్లోకి ఉరికేవాడు. బొగ్గుబాయి ఇళ్లల్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకోవడానికి కిటికీకి గొంగడి కడతారు. వాళ్ల ఇంట్లోనూ వెనక గది కిటికీకి మేకులు కొట్టి గొంగడి కట్టి ఉండేది. వచ్చిన మరునాడే రాయమల్లు దాన్ని గుంజి పారేశాడు. అనసూర్య మడిచి రేకు పెట్టెలో పెట్టింది.

కంపెనీ వాళ్లు పైన దీపాల గదిలో పని ఇచ్చారు. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. రాయమల్లు దీపం ఇచ్చేటప్పుడు ఎవరి ముఖమూ చూడడని, గ్యాంగువాళ్లు పలకరించినా వినబడనట్టే ఉంటాడని నల్లా దగ్గర అనసూర్యకు తెలిసింది. ఇప్పుడు అక్కడ పులుల గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఆమె రాగానే గొంతులు తగ్గించేవారు, అది ఆమెకు తిట్టుకన్నా ఎక్కువ బాధగా ఉండేది.

అందరూ తలా ఒక మందు తెచ్చారు. పోశవ్వ జడుసుకున్నాడని ఎండుమిరపకాయలతో దిగదుడిచింది. అస్గర్ తల్లి జన్నత్ బీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి దండచేతికి కట్టింది. గ్యాంగువాళ్లు కల్లు తెచ్చారు. డాక్టరు గోలీలు ఇచ్చాడు, అవి వేసుకుంటే మొద్దులా పడుకునేవాడు, లేస్తే మళ్లీ ఆ మనిషే. పోతూ పోతూ అందరూ చెప్పే మాట మాత్రం ఒకటే, అదంతా మర్చిపో అని. కాలనీ మొత్తం ఒట్టు పెట్టుకున్నట్టు ఆయన ముందు బాయి ఊసు ఎత్తేది కాదు. షిఫ్టు సైరను మోగితే పోశవ్వ గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది, కొడుక్కు వినబడకూడదని. ఎంత ప్రేమ! ఆ ప్రేమంతా కలిసి ఆయన నోటికి తాళం వేసింది. ఈ మాట అప్పుడు అనసూర్యకు కూడా తెలియదు. ఆమె కూడా గిన్నెలు చప్పుడు చేసినదే.

చలికాలం వచ్చాక ఒకనాడు సర్దార్ లింగమూర్తి ఇంటికి వచ్చాడు. గ్యాంగు మీద పెద్ద ఆయనే, రాయమల్లుకు పాతికేళ్ల వయసు నుంచి తెలిసినవాడు. వచ్చే సోమవారం డాక్టర్లు చూస్తారని, బాయిలోకి దిగుతానంటే దించుతారని, లేదంటే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపుతారని నసుగుతూ చెప్పాడు. ఇక పైన పని ఉండదట. పోశవ్వకు ప్రాణం లేచి వచ్చింది. అన్‌ఫిట్టే రాయనీ, ఊరికి పోయి రెండెకరాలు దున్నుకుంటాడు, నా కొడుకు నా కళ్ల ముందు ఉంటాడు అంది. రాయమల్లు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తన బతుకు గురించి మాట్లాడుతున్నారని ఆయనకు పట్టినట్టే లేదు.

అనసూర్యను భయపెట్టింది ఆ ముఖమే. బాయి ఉంటే ఏమి, పోతే ఏమి? పనిచేసుకొని బతికే చేతులు ఇద్దరికీ ఉన్నాయి. వద్దనుకొని మానేస్తే అది మగతనమే, ఆడతనమే, మనిషితనమే. ఇలా గోడకు ముఖం పెట్టి కూర్చున్న మనిషి మీద అన్‌ఫిట్ అని ముద్ర పడితే, ఇక ఊళ్లోనూ ఇంకో గోడకు ముఖం పెట్టి కూర్చుంటాడు. తనకు మొగుడు కావాలి. సోమవారం లోపల కావాలి.

మర్నాడు సర్వపిండి చేసి, మూటగట్టుకొని అస్గర్ ఇంటికి పోయింది. అస్గర్ దవాఖాన నుంచి వచ్చి పదిహేను రోజులు కూడా కాలేదు. మంచం మీద కాలు చాపుకొని ఉన్నాడు. రాయమల్లు ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు, ఆ సిగ్గుతో ఆమె మూట విప్పుతూ తల ఎత్తలేకపోయింది. కోపం చేస్తాడనుకుంది. అస్గర్ సర్వపిండి ముక్క తుంచుకొని, ఆమె కూర్చోకముందే అడిగాడు.

“వదినా, ఆ పిల్ల ఏరు దాటిందా?”

ఏ పిల్ల, ఏ ఏరు అని ఆమె అడిగింది. అన్న నీకు చెప్పలేదా అని అస్గర్ ఆశ్చర్యపోయాడు. అప్పుడు విషయం బయటపడింది. బండ కూలినప్పుడు అవతల కాలు ఇరుక్కొని తను ఏడుస్తుంటే, ఇవతల నుంచి రాయమల్లు కథ మొదలుపెట్టాడట. నిద్రపోకు అస్గర్, ఊఁ కొట్టు, నువ్వు ఊఁ కొడితేనే చెబుతా అన్నాడట. ఒక ఊళ్లో నిప్పన్నది లేకుండా ఆరిపోయింది. వానలకు పొయ్యిలు చల్లారాయి, దీపం లేదు, చుట్ట ముట్టించుకునే దిక్కు లేదు. నిప్పు కావాలంటే గోదారి అవతలి ఒడ్డు నుంచి తేవాలి. ఏరు నిండుగా పారుతోంది. మగవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే బర్రెలు కాసే పిల్ల లేచి, బర్రె తోక పట్టుకొని ఏరు దాటి, అవతల కుండలో నిప్పులు అడుక్కొని, కుండ నెత్తిన పెట్టుకొని తిరిగి ఏట్లోకి దిగింది. నట్టేట్లోకి వచ్చేసరికి పొద్దు గూకింది.

“గక్కడిదాక విన్న. ఇగ నాకు కండ్లు తిరిగి సోయి తప్పింది. దవాఖానల సోయి వచ్చినంక నర్సమ్మను నేను అడిగింది గదే, పిల్ల ఏమైందని. కాలు గురించి అడగలే,” అన్నాడు అస్గర్. “అమ్మీ చెప్పిన దువా, ఆ పిల్ల ముచ్చట, గీ రెండే నన్ను నిలబెట్టినయి. అన్న ఎందుకు రాలే వదినా?”

అనసూర్య మూటగుడ్డ మడుచుకుంది. ఇంటికి వచ్చే దారంతా ఆమె అదే తలపోసింది. వీళ్లిద్దరూ బతికి బయటపడ్డది ఒక కథ పట్టుకొని. ఆ ముక్క అడిగినవాళ్లు లేరు. అడగకుండా తాయెత్తులు కట్టాం, మిరపకాయలు కాల్చాం.

ఆ సాయంత్రం రాయమల్లు చాయ్ తాగుతున్నాడు. పోశవ్వ పక్కనే కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అనసూర్య అత్త శాసనాన్ని చేటతో చెరిగి పారేసినట్టు పారేసి నేరుగా అడిగింది.

“బావా, ఆ నిప్పుల కుండ పిల్ల ఏరు దాటిందా?”

గ్లాసు చేతిలోంచి జారి చాయ్ ఒళ్లో ఒలికింది. కాలిందో లేదో ఆయనకు తెలియలేదు. పోశవ్వ చేట కింద పెట్టి, నీకేం పుట్టిందే పోరీ, ఇంట్లోకి ఆ పీడను పిలుస్తావా అని లేచింది. రాయమల్లు భార్య వైపు చూశాడు. ఎన్ని నెలలకో ఆమె ముఖంలోకి చూశాడు.

“అస్గర్ ఊఁ అనుడు బందు పెట్టిండు,” అన్నాడు. “నేను పిలిచిన. మళ్ల పిలిచిన. ఇగ చెప్పలే.”

అంతే అని లేచి వాకిట్లోకి పోయాడు. అనసూర్య ఒలికిన చాయ్ తుడుస్తూ ఏడ్చింది. ఏడుపులోనే ఆమెకు సంతోషం కూడా వచ్చింది, ఎందుకంటే ముడి ఎక్కడ పడిందో దొరికింది. అస్గర్ బతికే ఉన్నాడని ఆయన తలకు తెలుసు. ఆయన చెవులకు మాత్రం తెలియదు. ఆ చీకట్లో ఆగిపోయిన ఊఁ ఇంకా ఆగే ఉంది.

ఆదివారం బాయికి సెలవు. అనసూర్య పొద్దున్నే ఒక రిక్షా పంపి అస్గర్‌ను పిలిపించింది. అస్గర్‌తో జన్నత్ బీ వచ్చింది. అస్గర్‌ను రిక్షా నుంచి దింపేందుకు లింగమూర్తి వచ్చాడు. పిండికట్టు కాలును చూడడానికి పక్క క్వార్టర్ల ఆడవాళ్లు పిల్లల్ని చంకన వేసుకొని వచ్చారు. అస్గర్‌ను ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టి అందరూ చేరేసరికి అది పెళ్లిచూపుల ఇల్లులా ఉంది. రాయమల్లు వాకిట్లోంచి అస్గర్ కాలును చూశాడు. చూసి, ఒక్క మాట లేకుండా దొడ్డిదారిన వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ముందు గదికీ వెనక గదికీ మధ్య ఒక గోడ. అందరూ ఆ మూసిన తలుపు వైపు చూశారు. లింగమూర్తి తల దించుకున్నాడు. పోశవ్వ కోడలి వైపు చూసిన చూపుకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేదే. అనసూర్యకు కూడా ఒక్క క్షణం తను తప్పు చేశానా అనిపించింది. అప్పుడు అస్గర్ తన మంచాన్ని గోడ పక్కకు జరపమన్నాడు. జరిపారు. అతను గోడ మీద పిడికిలితో కొట్టాడు.

“అన్నా, నేను గీ దిక్కున్న. సోయిలనే ఉన్న. ఆ పిల్ల ఏరు దాటిందా?”

అస్గర్ మళ్లీ కొట్టాడు. చాలాసేపటికి తలుపు సందులోంచి రాయమల్లు గొంతు వచ్చింది, తుప్పుపట్టిన గొళ్లెం లాంటి గొంతు.

“గింత వెలుగుల కథ రాదు.”

బయటివాళ్లెవరికీ అర్థం కాలేదు. అనసూర్య రేకు పెట్టె దగ్గరికి పోయే లోపలే పోశవ్వ అందులోంచి గొంగడి తీసింది. పగటిపూట కథ చెప్పొద్దని లోకానికి నీతులు చెప్పే ఆ ముసలిది, బాయి పేరు ఎత్తితే గిన్నెలు చప్పుడు చేసే ఆ ముసలిది, గొంగడి దులిపి కోడలి చేతిలో పెట్టింది. ఇన్ని నెలల తరువాత కొడుకు ఏదో కావాలని అడిగాడు. బాటసారులు దారి తప్పితే తప్పనీ.

అనసూర్య వెనక గదిలోకి పోయి కిటికీ మేకులకు గొంగడి కట్టింది. రాయమల్లు మంచం మీద మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు, నుదుటి మీద చలికాలంలో చెమట. బల్బు వెలుగుతూనే ఉంది. ఆమె దాన్ని ఆర్పలేదు. గడప మీద కూర్చుంటాను, తలుపుకు గొళ్లెం పెట్టను, లేవాలనిపిస్తే లేచి రా బావా అని చెప్పి, తలుపు దగ్గరికి వేసి గడప మీద కూర్చుంది.

కొంతసేపటికి లోపల స్విచ్ టక్కుమంది. తలుపు కింద వెలుగు గీత పోయింది. ఆర్పింది ఆయనే. అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుంది.

“నట్టేట్ల ఉన్నది పిల్ల,” అన్నాడు రాయమల్లు చీకట్లోంచి.

“ఊఁ,” అన్నాడు అస్గర్ గోడ ఇవతల నుంచి.

“నెత్తి మీద కుండ. ఒక చేత కుండ పట్టుకున్నది, ఒక చేత బర్రె తోక.”

“ఊఁ.”

గొంతు మొదట్లో అడుగు తడబడుతూ నడిచింది. ఒక్కో మాటకు ముందు ఊపిరి వినబడేది. పొద్దు గూకాక ఏటి మీద మంచు దిగిందని, బర్రెకు ఒడ్డు ఏ దిక్కో తెలియక నీళ్లలో గుండ్రంగా తిరగసాగిందని చెప్పాడు. ఊళ్లో జనమంతా ఒడ్డున నిలబడ్డారు. పిల్లకు దారి చూపడానికి ఒక దివిటీ పట్టాలంటే ఊళ్లో నిప్పే లేదు. నిప్పు ఆ పిల్ల నెత్తి మీద ఉంది. కుండలో నిప్పులు బూడిద కమ్ముతున్నాయి. పిల్ల పిలిచింది. ఎవ్వరూ పలకలేదు. మళ్లీ పిలిచింది.

అక్కడ గొంతు ఆగిపోయింది.

అస్గర్ ఊఁ అన్నాడు. జవాబు లేదు. ఇంకోసారి గట్టిగా ఊఁ అన్నాడు. గదిలో చంటిపిల్ల కూడా ఏడవడం లేదు. అనసూర్యకు తలుపు అవతల మొగుడి ఎగశ్వాస వినబడుతోంది. లేచి తలుపు తోసి, ఇక చాలు బావా, వద్దులే అనాలని ఆమె చెయ్యి తలుపు మీదికి పోయింది. అప్పుడు జన్నత్ బీ, తన కొడుకు మంచం కోడు పట్టుకొని, పళ్లు లేని నోటితో ఊఁ అంది. లింగమూర్తి సర్దారు ఊఁ అన్నాడు. నల్లా దగ్గరి ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు అన్నారు. ఆఖరున పోశవ్వ అంది, గోడకు చెంప ఆనించి. అనసూర్య తలుపు మీంచి చెయ్యి తీసి, సందుకు నోరు పెట్టి అంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడి కథకు ఆమె కొట్టిన మొదటి ఊఁ అది.

లోపల రాయమల్లు ఏడ్చాడు. తరువాత ముక్కు చీదుకున్నాడు. తరువాత ఆయన గొంతు మారిపోయి వచ్చింది. టబ్బులు రాని వేళల్లో బాయిలో ఎట్లా మోగేదో, పులిని తాటిచెట్టు ఎక్కించిన గొంతు ఏదో, అది వచ్చింది.

“ఒడ్డు మీద ఒక ముసలవ్వ ఉన్నది. గా ముసలవ్వ అన్నది, ఓరి మీ మొగతనం మన్నుగాను, దీపం లేకుంటే ఏంది, నోర్లు లేవా? ఆమె ముందుగాల ఊఁ అన్నది. ఇగ ఊరంత అన్నది. మంచుల ఒడ్డు కనవడకున్నా ఇనవడ్డది. బర్రె చెవులు నిక్కపెట్టింది. తిరిగింది. గా సప్పుడు దిక్కు పట్టుకొని ఈదుకుంట వచ్చింది.”

గది మొత్తం ఊఁ అంది. పిల్ల నడుముల్లోతు నీళ్లలోకి వచ్చింది, మోకాళ్ల లోతుకు వచ్చింది, బురదలో కాలు పెట్టింది. నల్లా దగ్గర ఎప్పుడూ నోరు ఎక్కువ చేసే ఐలవ్వ ఇక ఆగలేక, ఇన్ని నెలలు ఆడపిల్లను నట్టేట్లో వదిలిపెట్టి నీకు అన్నం ఎట్లా దిగిందయ్యా రాయమల్లూ అని అడిగేసింది. దిగలేదక్కా అన్నాడు రాయమల్లు తలుపు అవతల నుంచి. అందరూ నవ్వారు, ఆ నవ్వులో కొందరు కళ్లు తుడుచుకున్నారు. పోశవ్వకు మాత్రం నవ్వడానికి తీరిక లేదు. ఆమెకు అసలు సంగతి తేలలేదు.

“కుండల నిప్పు ఉన్నదా, ఆరిందా?”

“పైన బూడిదే అవ్వా,” అన్నాడు కొడుకు. “ఊదింది. కింద ఎర్రగ ఉన్నది.”

ఆ రాత్రి ఆ ఊళ్లో అన్ని పొయ్యిలూ వెలిగాయని చెప్పి కథ ముగించాడు. ముగించి స్విచ్ వేయలేదు. చీకట్లోనే లేచి, తడుముకుంటూ కిటికీ దగ్గరికి పోయి గొంగడి విప్పాడు, దాన్ని మడిచి మంచం మీద పెట్టాడు, తలుపు తీశాడు. గడప మీద అనసూర్యను దాటుతూ ఆమె తల మీద చెయ్యి ఆనించి పోయాడు. పోయి అస్గర్ మంచం పక్కన నేల మీద కూర్చొని, పిండికట్టు కాలును రెండు చేతులా పట్టుకున్నాడు. నువ్వు సచ్చిపోయినవనుకున్న రా అన్నాడు. నువ్వు కథ ఆపితే నేనూ అదే అనుకున్న అన్నా అన్నాడు అస్గర్. ఇద్దరు మొగవాళ్లు అంతమంది ఆడవాళ్ల ముందు ఏడ్చారు, ఎవరికీ సిగ్గనిపించలేదు. జన్నత్ బీ చాయ్ పెట్టమని అనసూర్యను తొందరపెట్టింది. పొయ్యిలో బొగ్గులు రాజేస్తుంటే అనసూర్యకు ఎన్నడూ లేనిది నవ్వు వచ్చింది.

ఆ రాత్రి రాయమల్లు బల్బు ఆర్పి పడుకున్నాడని చెబితే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. వెలిగించే పడుకున్నాడు. అయితే పడుకున్నాడు. గోలీ లేకుండా తెల్లారేదాకా గుర్రు పెట్టాడు, ఆ గుర్రు వింటూ అనసూర్య, అత్త ఇద్దరూ పండుగలా మేలుకొని ఉన్నారు.

సోమవారం డాక్టర్ల ముందు ఏమడిగారో ఏమో, వచ్చి దిగుతానన్నాను అని చెప్పాడు. భయం లేదా అని అనసూర్య అడిగింది. ఉంది అన్నాడు. అస్గర్ కాలు కూడేదాకా గ్యాంగులో రోజుకొకరు వంతు వేసుకొని ఊఁ కొడతామన్నారట, లింగమూర్తి సర్దారుతో సహా. వద్దనుకుంటే మానేయి బావా, ఊరికి పోదాం, నేను ఏమీ అనను అంది ఆమె. రాయమల్లు కొంచెం ఆలోచించి, రేపు దిగి చూసి చెబుతా అన్నాడు. రేపటి గురించి ఆయన నోట మాట రావడం ఆమె విని చాలా కాలమైంది.

మరునాడు మొదటి షిఫ్టు. ఆయన సద్ది డబ్బా పట్టుకొని పోయాక అనసూర్యకు ఏ పనీ తోచలేదు. నల్లా దగ్గర ఐలవ్వ తన వంతు ఇచ్చి ముందు పట్టుకోమంది. పగలు మూడు గంటల సైరను మోగింది. పోశవ్వ గిన్నె ఒకటి చేతిలోకి తీసుకొని, చప్పుడు చేయకుండా కింద పెట్టింది. అత్తాకోడళ్లు గడపకు ఇటొకరు అటొకరు నిలబడ్డారు.

రాయమల్లు వచ్చాడు. ముఖం నల్లగా, కళ్లు, పళ్లు మాత్రమే తెల్లగా, పోయినప్పటికంటే వేగంగా నడుస్తూ వచ్చాడు. బట్టలు విడవడానికి వాకిట్లో ఆగాడు, ఏళ్ల అలవాటు. అనసూర్య స్నానానికి వేడినీళ్ల బకెట్టు తెచ్చి పెట్టింది. ఆయన చొక్కా గుండీ మీద చెయ్యి పెట్టి, తల్లి వైపు చూశాడు. పోశవ్వ ఏమీ అనకుండా పక్కకు జరిగి గడప మీద చోటిచ్చింది. బొగ్గు బట్టలతోనే వచ్చి ఆయన గడప మీద కూర్చున్నాడు.

“ఇయ్యాల బాయిల ఏమైందో ఎరుకేనా, అనసూర్యా,” అన్నాడు.

ఎండ ఇంకా దిగలేదు, పట్టపగలు. బాటన పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. అనసూర్య బకెట్టును పక్కకు జరిపి, మొగుడి ఎదురుగా గచ్చు మీద చతికిలబడి, మోకాలు మీద గడ్డం ఆనించి, ఊఁ అంది.